వాన పాటకు పన్నెండు ట్యాంకర్లు

నేను ఒక చెక్కబోర్డును. మీరు సినిమా చూసేటప్పుడు నేను ఎక్కడా కనిపించను. కనిపించకపోవడం మీ అదృష్టం. తెర మీద మీకు కన్నీళ్లు తెప్పించే ప్రతి దృశ్యమూ అంతకు ముందు నా ఒంటి మీద రంగు అట్టముక్కగా వేలాడిందే. ఆ ముక్కల్ని తగిలించిన చేతులు ఎలాంటివో నాకు తెలుసు. అందుకే సినిమా అన్న మాట వింటేనే నాకు రోత.

నన్ను చేసింది మస్తాన్‌వలి అనే సెట్టు వడ్రంగి. హైదరాబాదు శివార్లలో ఒక జమీందారు మేడ సెట్టు వేశారు. చివరి పోరాటంలో విలన్ జీపు ఆ మేడ తలుపును గుద్దుకుని లోపలికి రావాలి. వచ్చింది. విరిగిన తలుపులో బాగున్న ముక్కలు ఏరి, చిత్రిక పట్టి, రెండు పలకలు చేసి, పుస్తకంలా మడతపడేలా మధ్యలో బందులు బిగించాడు మస్తాన్‌వలి. పలకల మీద పైనుంచి కిందికి సన్నటి గాడులు తీశాడు. పైకి టేకు, లోపల ప్లైవుడ్డు. ఆ పరిశ్రమలో చాలామంది తయారీ అంతే గనక నాకేమీ సిగ్గనిపించలేదు.

చేయించుకున్నది గవర్రాజు గారు. ముప్పై ఏళ్లుగా ప్రొడక్షన్ మేనేజరు. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా, నోట్లో వక్కపొడి, ఎవరు ఏమడిగినా ముందు ‘అయిపోద్దండీ’ అనే అలవాటు. ఆయన నన్ను కృష్ణానగర్‌లోని మేడమీది ఆఫీసులో గోడకు తగిలించి పని మొదలుపెట్టాడు.

ఆ పని ఏమిటో చెప్పాలి. సినిమాను కథ వరసలో తీయరు. ఒక్కో సీనుకు ఒక్కో అట్టముక్క రాస్తారు. పగలు ఇంట్లో తీసేది తెలుపు, పగలు ఆరుబయట తీసేది పసుపు, నీళ్లు కావలసింది నీలం. ముక్క మీద సీను నంబరు, చోటు, ఎవరెవరు రావాలి, ఏమేం కావాలి. ఒకే ఊళ్లో జరిగేవన్నీ పక్కపక్కన గాడుల్లో పెడతారు. అందుకే పొద్దున మొగుడు చచ్చిపోయి ఏడ్చిన అమ్మాయికి మధ్యాహ్నం అదే మొగుడితో పెళ్లవుతుంది. ఇంతవరకు నాకు పేచీ లేదు. ఇది తెలివైన పనే.

అసహ్యం పుట్టించింది మిగతాది. నిర్మాత వచ్చే రోజున నా మీద ఒక వరస ఉండేది. హీరో మేనేజరు వచ్చే రోజున ఇంకో వరస. ఇద్దరూ వెళ్లాక గవర్రాజు గారు అసలు వరస తగిలించేవాడు. నా వెనకవైపు ఎవరికి ఏ భోజనమో రాసి ఉండేది. హీరోకి హోటలు నుంచి వచ్చేది, డైరెక్టరుకు వేరే వండేది, కెమెరా వాళ్లకు మాంసం, లైట్ల వాళ్లకు గుడ్డు, జూనియర్ ఆర్టిస్టులకు మూడు గంటలకు సాంబారన్నం పొట్లం. ఒకసారి ఆ పొట్లాలు ఎండకు పులిసి వాసనొచ్చాయి. వంటాయన వచ్చి అడిగితే గవర్రాజు గారు నా మీదినుంచి కళ్లు తిప్పకుండానే, “పెరుగు కలిపి ఇచ్చెయ్, తెలీదు” అన్నాడు. ఎనభై మంది తిన్నారు. ఆ సాయంత్రం వాళ్లంతా పెళ్లి సీనులో నవ్వుతూ అక్షింతలు వేశారు.

ఎనిమిదేళ్లు అలా గడిచాక నూకరత్నం వచ్చింది.

ఇరవయ్యేడేళ్లు ఉంటాయి. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేది. బడి మూతపడింది. కాస్ట్యూముల్లో పనిచేసే పిన్నికూతురు చెబితే గవర్రాజు గారి దగ్గరికి వచ్చింది. ఆయన ఆమెను కిందికీ పైకీ చూసి, ముప్పై ముక్కలూ, తను అప్పటికే వేసిన వరస కాగితమూ టేబులు మీద పడేసి, “పద్నాలుగు రోజుల్లో సర్దు చూద్దాం” అన్నాడు. ఆడపిల్ల, గంటలో లేచి వెళ్లిపోతుందనుకున్నాడు.

గంట తర్వాత వచ్చి చూసేసరికి ముక్కలన్నీ గాడుల్లో ఉన్నాయి.

“సార్, ఈ తాతగారి వేషం ఆయనకి మొదటి రోజు పనుంది, మళ్లీ ఆరో రోజు. మధ్యలో నాలుగు రోజులు గదిలో ఊరికే కూకోబెడతన్నాం. ఆయన సీన్లు రెండూ కలిపేసి పంపించేశాను. పన్నెండు రోజుల్లో అయిపోతాది.”

గవర్రాజు గారు వక్కపొడి నమలడం ఆపాడు. “ఇదెక్కడ నేర్చావమ్మాయ్?”

“బళ్లో సార్. లెక్కల మేస్టారు ఒక్కరే, క్లాసులు ఆరు. ఒకే పిరియడ్లో రెండు గదుల్లో ఉండలేరు కదా. టైంటేబులు నేనే ఏసేదాన్ని.”

ఆ రోజు నుంచి ఆమె నా మనిషి. నన్ను పొడిగుడ్డతో తుడిచిన మొదటి మనిషి కూడా ఆమే. గవర్రాజు గారు ఆమెకు నిజంగానే నేర్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. “ముందు మనుషుల తేదీలు చూడు. తర్వాత చోటు. ఆ తర్వాత ఎండ ఎటు పడుద్దో చూడు. సామాను ఆఖర్న. కథ గురించి నువ్వాలోచించకు, దానికి వేరేవాళ్లున్నారు” అనేవాడు. జనరేటరు వాహనం ఎంత దూరంలో ఆపితే చప్పుడు మైకులోకి రాదో, వంద మందికి టీ ఎన్ని గంటలకు దింపితే పని ఆగదో, వాన పైపులు బిగించడానికి ఎంతసేపు పడుతుందో అన్నీ చెప్పాడు. ఆమె నోటుబుక్కులో రాసుకునేది. ఒకసారి ఆమె తనంతట తాను కొన్ని ముక్కలకు కింద మూలన చిన్న గుర్తు పెట్టింది. అదేమిటని అడిగారు ఆఫీసులో మగవాళ్లు.

“ఆడోళ్లు ఉన్న సీను. అక్కడ బాత్రూం ఉందో లేదో చూసుకోవాలి.”

వాళ్లు నవ్వారు. ముప్పై ఏళ్లలో ఆ గుర్తు ఎవరికీ అవసరం రాలేదట. అవసరం ఎవరిదో, రానిది ఎవరికో వాళ్లే చెప్పాలి. ఆ నవ్వు విన్నప్పుడు నా గాడుల్లో చెదలు పడితే బాగుండుననిపించింది.

రెండేళ్లలో రత్నం చెయ్యి తిరిగింది. ఇక్కడే నాకు ఆమె మీద కూడా కోపం మొదలైంది. అన్ని గాడులూ నిండి, ఒక్క ఖాళీ లేకుండా, రంగులు తీరుగా కుదిరితే ఆమె రెండడుగులు వెనక్కి వేసి నన్ను చూసి మురిసిపోయేది. ముక్క మీద ‘జనం వంద’ అని ఉంటే అది ఆమెకు వంద అంకె. కుదిరిందా లేదా అన్నదే లెక్క.

అప్పుడొచ్చింది ఆ వాన పాట.

కథలో కరువు ఊరు. హీరో ఏదో గొప్ప పని చేస్తాడు, వాన పడుతుంది, ఊరంతా తడుస్తూ ఆడుతుంది. అనంతపురం జిల్లాలో కంబాలదిన్నె అనే ఊరు చూసి వచ్చాడు డైరెక్టరు. ఎర్రమట్టి, రాతి గోడలు, నూట ఎనభై ఇళ్లు. మే నెల. పాటకు మూడు రోజులు, రోజుకు పన్నెండు ట్యాంకర్ల నీళ్లు. పైపులు పెట్టి ఊరి మధ్య బయలు మీద వాన కురిపించాలి.

నీళ్లు కుదిర్చే పని రత్నానిది. ఆ ఊరికి అయిదు మైళ్ల దూరంలో ఒకాయన తోటలో పెద్ద బోరు ఉంది, మూడు ట్రాక్టరు ట్యాంకర్లున్నాయి. ఆమె కృష్ణానగర్ ఆఫీసులో నా ముందు నిలబడే ఆయనకు ఫోను చేసింది. స్పీకరులో పెట్టి మాట్లాడింది గనక నేనూ విన్నాను.

“దినానికి పన్నెండు ట్రిప్పులంటే నా బండ్లన్నీ మీకే బెట్టాలమ్మా. నాకు వేరే ట్రిప్పులుండాయి.”

“వాన పైపుల తొట్టి ముందే నింపుకోవాలి. శనివారం నుంచి అయిదు రోజులు అవి ఆపలేరా అండీ?”

“ఆపొచ్చులే. సినిమావోళ్లు ఎన్నిసార్లొస్తారు!”

“చాలా థాంక్సండీ,” అంది రత్నం. నీలం ముక్క తీసి, ట్రిప్పుల వేళలు ఒకదాని కింద ఒకటి గుండ్రటి అక్షరాలతో రాసి గాడిలోకి దించింది. రెండడుగులు వెనక్కి వేసింది. మురిసింది.

ఆ వేరే ట్రిప్పులు ఎవరివని ఆమె అడగలేదు. నేను చెక్కను, అడగలేను. ఆమెకు నోరుంది.

కంబాలదిన్నెలో వేసవి సెలవులకు మూసిన బడి వరండా మా ఆఫీసు. నన్ను అక్కడి నల్లబల్ల పక్కన మేకుకు తగిలించారు. యూనిట్టు గిన్నెలు కడగడానికి ఊళ్లో నలుగురు ఆడవాళ్లను పెట్టుకున్నారు. వాళ్లలో ఒకతె సుంకమ్మ. ఆ బళ్లోనే మధ్యాహ్న భోజనం వండే మనిషి. నలభై ఏళ్లు దాటినట్టుంటుంది, మాట తక్కువ. వరండా ఊడ్చినప్పుడల్లా నా ముందు ఆగి, నా మీదున్నవన్నీ చదివి వెళ్లేది. ఆమెకు చదువొచ్చని ఎవరూ అనుకోలేదు, ఎవరూ అడగలేదు.

ఊరు చూసి కళాదర్శకుడు పెదవి విరిచాడు. కరువు చాలలేదట. తెరమీద తెలియదట. రెండు లారీల్లో ఎండుకంపలు, ప్లాస్టరుతో చేసిన పశువుల పుర్రెలు తెప్పించి ఊరి చుట్టూ పరిచాడు. పుర్రె ఒకటి తన గడప ముందు పెడుతుంటే ఒక ముసలాయన అడ్డం పడ్డాడు. “మా ఎద్దు సచ్చింది పోయినేడే సామీ. మళ్లా ఎందుకీడ?” అన్నాడు. ఆయన్ని చెయ్యి పట్టి పక్కకు తీసుకెళ్లి కాఫీ ఇచ్చారు. పుర్రె అక్కడే ఉంది.

హీరో కారు వస్తే దుమ్ము లేస్తుందని దారి పొడుగునా నీళ్లు చల్లారు. ఆయన దిగాక కాళ్లకు మట్టి అంటిందని సీసా నీళ్లతో కడిగారు, నాలుగు సీసాలు. సగం తాగి వదిలేసిన సీసాలు వరండా కింద గుట్టగా పడి ఉండేవి. ఆదివారం సాయంత్రం ముగ్గురు ఆడవాళ్లు ఆ సీసాల్లో మిగిలినది ఒక బిందెలోకి ఒంపుకోవడం నేను చూశాను. రత్నం కూడా చూసింది. పేదవాళ్లు, ఖాళీ సీసాలు అమ్ముకుంటారు కాబోలు అనుకుందేమో. నాకు మాత్రం ఆ ఎంగిలి నీళ్ల చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

సోమవారం పొద్దున మొదటి వాన. ఊరివాళ్లనే జనంగా పెట్టారు. అసలైన కరువు మొహాలు కావాలని డైరెక్టరు ముచ్చటపడ్డాడు. నూట యాభై మందిని బయల్లో నిలబెట్టారు. పాట మొదలైంది, పైపులు తెరిచారు. పెద్ద చప్పుడుతో నీళ్లు పడ్డాయి.

ఎవరూ ఆడలేదు.

ఒక్క క్షణం అలాగే నిలబడ్డారు. తర్వాత ఆడవాళ్లు ఇళ్లలోకి పరుగెత్తి, బిందెలు, బకెట్లు, అన్నం గిన్నెలు తెచ్చి పైపుల కింద పెట్టారు. పిల్లలు చొక్కాలు తడిపి నోట్లోకి పిండుకున్నారు. హీరో ఒక్కడే మధ్యలో చేతులు చాచి తిరుగుతున్నాడు.

“కట్! కట్! ఏంటయ్యా ఇది? బిందెలు తీయించండి! వీళ్లు ఆనందించాలి, నీళ్లు పట్టుకోకూడదు!” మైకులో అరిచాడు డైరెక్టరు. సహాయకులు వెళ్లి బిందెలు లాగేసుకున్నారు. ఆ పెనుగులాటలో నిండిన బిందెలు ఒలికిపోయాయి. ఆ ఎర్రబురదలో కాళ్లు జారుతూ, చేతులు పైకెత్తమంటే ఎత్తుతూ, జనం మధ్యాహ్నం దాకా ఆడారు. డైరెక్టరు మానిటరు చూసి, మొహాల్లో ఎమోషను రాలేదన్నాడు.

మధ్యాహ్నం గిన్నెలు కడగవలసిన సుంకమ్మ తడిచీరతో వరండాలోకి వచ్చింది. రత్నం నా ముందు కూర్చుని మర్నాటి వేళలు దిద్దుతోంది.

“అమ్మా, ఈ బోర్డు రాసింది నువ్వేనా?”

“నేనేనమ్మా. ఏటి?”

“ఆరు గంటలు, ఏడు గంటలు, ఎనిమిది... ఇవి ట్యాంకర్లు వొచ్చే టయాలు గదా.” సుంకమ్మ నీలం ముక్క మీద తడివేలు పెట్టింది. “మాకు దినానికి నాలుగు వొచ్చేవి. శనారం నుంచి ఒగటీ రాలే. బోరాయప్పనడిగితే సినిమావోళ్లు తీసుకుండారంటాడు. మా ఊరి నీళ్లు మా నెత్తినే పోసి ఎగరమంటాండారే, ఇదేం న్యాయమమ్మా?”

రత్నం స్కెచ్ పెన్నుకు మూత పెట్టింది.

“నాకు తెలీదమ్మా. వేరే ట్రిప్పులంటే ఎవరో తోటలోళ్లవి అనుకున్నాను.”

“అడగలేదా?”

“అడగలేదు.”

సుంకమ్మ వెళ్లి గిన్నెల ముందు కూర్చుంది. ఆమె కడిగిన నీళ్లు కాలవ కట్టి బడి గేటు దాటి పోతుంటే అటే చూస్తూ ఉండిపోయింది రత్నం.

తర్వాత గవర్రాజు గారి దగ్గరికి వెళ్లింది. ఆయన వరండా చివర కుర్చీ వేసుకుని పుచ్చకాయ తింటున్నాడు.

“సార్, ఈ ఊరోళ్ల నీళ్లే మనం తోడేస్తున్నాం. మీకు తెలుసా?”

“తెలవకేంటమ్మా. ఈ చుట్టుపక్కల ఉన్నదొకటే బోరు. ఇంకెక్కడినుంచొస్తాయ్?”

“మరి నాకు చెప్పలేదేటి?”

“నువ్వడగలేదుగా.” గింజలు పక్కకు ఉమ్మాడు. “చూడు రత్నం. మూడు రోజులు. మనం పోతాం, వాళ్ల నీళ్లు వాళ్లకొస్తాయి. గురువారం హీరోగారు వెళ్లిపోతారు. నీ బోర్డు మీద ఆ తేదీ ఒక్కటే చూసుకో. మిగతావన్నీ చూసుకుంటా కూర్చుంటే సినిమా తీయలేం.”

ఎర్రటి రసం కారిన ఆ చేతితోనే లేచి వచ్చి నా అంచు పట్టుకున్నాడు. ఆ జిగురు రెండు రోజులు వదల్లేదు. ఈగలు ముసిరాయి.

రత్నం ఏడవలేదు. నేను అనుకున్నంత తేలికైన మనిషి కాదు. పాట షాట్ల జాబితా తెచ్చుకుని, నా మీద ముక్కలన్నీ తీసేసి, ఎండ వాలకముందే మళ్లీ పేర్చింది. ఊరు కనిపించే షాట్లు ఎన్ని? పదకొండు. మిగతావన్నీ హీరో మొహం, హీరోయిన్ మొహం, చేతులు, కాళ్లు. అవి హైదరాబాదులో స్టూడియోలో ఒక గోడ ముందు తీయొచ్చు, ఒక ట్యాంకరుతో. ఊరి షాట్లు మంగళవారం పన్నెండు గంటలకల్లా అయిదు ట్రిప్పులతో పూర్తవుతాయి. ఆ తర్వాత ట్యాంకర్లన్నీ ఊరికే. హీరోకు ఒక రోజు మిగులుతుంది కూడా. అది నేను చూసిన పేర్పుల్లోకెల్లా చక్కటిది. ఎందుకంటే మొదటిసారి నా మీద ఒక గాడిలో ‘ఊరికి’ అని రాసి ఉంది.

గవర్రాజు గారు చూసి తల ఊపాడు. డైరెక్టరు దగ్గరికి నన్ను మోసుకెళ్లి, “నాకో ఐడియా వచ్చిందండీ” అని మొదలుపెట్టాడు. డైరెక్టరు సరేనన్నాడు, మెచ్చుకుని భుజం తట్టాడు. రత్నం వెనక నిలబడి ఉంది. ఆమెకు ఆ మెప్పుతో పనిలేదు. సుంకమ్మ దగ్గరికి వెళ్లి, “రేపు పన్నెండింటికి మీ ట్యాంకర్లు వస్తాయి. బిందెలు పెట్టుకోండి” అని చెప్పి వచ్చింది.

మంగళవారం అన్నీ వేళకు జరిగాయి. పదకొండున్నరకు పదకొండో షాటు. నిండిన ట్యాంకర్లు మూడు బయలు పక్కన నిలబడ్డాయి, ఊరికి వెళ్లడానికి. అప్పుడు హీరో మానిటరు ముందు కూర్చుని తీసినవన్నీ చూసుకున్నాడు. నుదుటి మీదికి జారిన జుట్టు ఆయనకు నచ్చలేదు. వయసు తెలుస్తోందన్నాడు.

“మళ్లీ తీసేద్దాం సార్,” అన్నాడు డైరెక్టరు. “మొదటినుంచి. నీళ్లు రెడీగానే ఉన్నాయి.”

జుట్టు సర్దడానికి ముప్పావు గంట. అటు వీధిలో బిందెల వరుస బడి గేటు దాకా వచ్చింది. నూట ఎనభై ఇళ్ల బిందెలు. పన్నెండు దాటింది. వాన పైపులకు తొట్టిలో ఉన్న కాసిని నీళ్లతో షాటు మొదలుపెట్టారు. తొట్టి నింపమని సహాయకుడు వచ్చి ట్యాంకరు డ్రైవర్లకు చెప్పాడు. రత్నం వాళ్లకు అడ్డం వచ్చింది.

“మీరు ఊళ్లోకి ఎల్లండి.”

డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “ఎవరి మాటినాలమ్మా మేము?”

“చీటీ రాసిస్తాను. నా పేరు, నా సంతకం. మిమ్మల్ని అడిగితే అది చూపించండి.”

నోటుబుక్కులోంచి కాగితం చించి రాసిచ్చింది. మూడు ట్రాక్టర్లూ వెనక్కి తిరిగాయి. వరండా మీదినుంచి నాకు అంతా కనిపిస్తోంది. పాట సగంలో వాన సన్నబడి, చినుకులై, ఆగిపోయింది. హీరో చేతులు చాచి, తల వెనక్కి వాల్చి, పొడి పైపుల కింద తిరుగుతూనే ఉన్నాడు. తర్వాత కళ్లు తెరిచాడు.

అరుపులు మొదలయ్యాయి. గవర్రాజు గారు పరుగెత్తి రత్నం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. “బోరు మోటారు కాలిపోయిందని చెప్పు. నేను సర్దేస్తా. ఇంకేం మాట్లాడకు.” ఆ మనిషిలో దయ లేదని అనలేను. తనకు తెలిసిన దయ అదే. అబద్ధం అరువివ్వడం.

రత్నం డైరెక్టరు ముందుకు వెళ్లింది.

“నీళ్లు ఊరికి పంపించాను సార్. నాలుగు రోజుల్నుంచి వాళ్లకి లేవు. అవి వాళ్లవే. తెలీకుండా బుక్ చేసింది నేనే, వెనక్కి పంపింది కూడా నేనే.”

డైరెక్టరు అన్న మాటలు నేను రాయను. బళ్లో పిల్లలు కూర్చునే చోట అవి వినబడ్డాయని మాత్రం చెబుతాను. హీరో కారవాన్ వైపు నడుస్తూ తన మనిషితో, “పాపం, ఎమోషనల్ అయినట్టుంది” అని నవ్వాడు. ఆ నవ్వు కంటే ఆ తిట్లే నయం.

మధ్యాహ్నం మూడింటికి ఆమెను బస్సెక్కిపొమ్మన్నారు. సంచి సర్దుకుని, నా దగ్గరికి వచ్చి, ఏం చేయాలో తోచనట్టు గుడ్డతో ఒకసారి తుడిచింది. సుంకమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. రత్నం ఏదైనా మంచి మాట వింటాననుకుందేమో.

“ఇంటికి మూడు బిందెలొచ్చినాయి,” అంది సుంకమ్మ. “రేపెట్ల?”

రత్నం తల వంచుకుని బస్సు దారి పట్టింది.

ఆమె పోయాక గవర్రాజు గారు నా మీదినుంచి ‘ఊరికి’ అన్న ముక్క పీకి పారేసి, బుధవారానికి పన్నెండు ట్రిప్పుల వేళలు మళ్లీ రాసి పెట్టాడు. సాయంత్రం వరండా ఊడవడానికి వచ్చిన సుంకమ్మ చీపురు పక్కన పెట్టి, నా ముందు చాలాసేపు నిలబడింది. పెదవులు కదిలాయి. ఆరు, ఏడు, ఎనిమిది. ఏ దారిన వస్తాయో కూడా అందులోనే రాసి ఉంది, తూర్పు దారి, వంక దాటి. మనుషులకు నా వల్ల కలిగిన మేలు నా జన్మలో అదొక్కటే.

బుధవారం ఆరింటికి ట్యాంకరు రాలేదు. ఏడింటిది రాలేదు. వంక దగ్గర దారి మీద ఊళ్లో ఆడవాళ్లంతా ఖాళీ బిందెలు ముందు పెట్టుకుని కూర్చున్నారని కబురొచ్చింది. జనంగా నిలబడటానికి ఒక్కరూ రాలేదు. గవర్రాజు గారు వెళ్లి ‘అయిపోద్దండీ’ అని చెప్పి చూశాడు. సుంకమ్మ లేవలేదట.

“మొదటి నాలుగు మా ఊరికి. ఆ తర్వాత మీరు మిగిలిన నీళ్లతో వానే కురిపిస్తారో, ఎండే కాయిస్తారో, మీ ఇష్టం,” అందట.

దారి ఆపారని తెలిసి పదింటికి తహసీల్దారు ఆఫీసు నుంచి జీపు వచ్చింది. ఆడవాళ్లు అక్కడే కాగితం రాయించారు. రోజూ మొదటి నాలుగు ట్రిప్పులు ఊరివి, సినిమావాళ్లున్నా, లేకపోయినా. బోరాయన సంతకం పెట్టాడు. ఆ పూటకు యూనిట్టుకు మిగిలిన నీళ్లతో, జనం లేకుండా, ఖాళీ బయల్లో హీరో ఒక్కడే తడిశాడు. గురువారం ఆయన వెళ్లిపోయాడు. మేమూ లారీలెక్కాం. పుర్రెలు తీసుకెళ్లడం ఎవరికీ గుర్తు లేదు.

ఆ తర్వాత నాకు పని తగ్గింది. కంప్యూటర్లు వచ్చాయి. గోదాములో సెట్టు కుర్చీల కింద, ఎలుకల కంపులో ఆరేళ్లు పడి ఉన్నాను. గవర్రాజు గారు పెద్దవాడై పని మానేసే ముందు నన్ను ఒక సినిమా శిక్షణ సంస్థకు బహుమతిగా ఇచ్చాడు. వాళ్లు నాకు వార్నిషు కొట్టి, అద్దం బిగించి, తరగతి గోడకు తగిలించారు. కింద ఇత్తడి రేకు మీద నా చరిత్ర చెక్కారు. ‘కరువు ప్రాంతంలో ప్రతికూల పరిస్థితులను అధిగమించి వాన పాటను విజయవంతంగా పూర్తిచేసిన ప్రణాళికా ఫలకం.’ ఎదురుగా ఉన్న కిటికీ అద్దంలో ఆ అక్షరాలు నాకు తిరగబడి కనిపిస్తాయి. సరిగ్గా చదవనక్కర్లేకపోవడం ఒక సుఖం.

పోయిన నెల రత్నం అక్కడికి పాఠం చెప్పడానికి వచ్చింది. చెంపల దగ్గర నెరిసింది. కంబాలదిన్నె తర్వాత ఏడాది పాటు ఆమెకు ఎవరూ పని ఇవ్వలేదట. ఆ తర్వాత చిన్న చిన్న సీరియళ్లు, డాక్యుమెంటరీలు. ఇప్పుడు సొంతంగా మనుషులను పెట్టుకుని ప్రొడక్షన్ పనులు చూస్తోంది. నన్ను చూసి ఆగింది, రేకు చదివింది. మొహం చేదు మింగినట్టయింది. పిల్లల వైపు తిరిగి జరిగినదంతా ఉన్నదున్నట్టు చెప్పింది. తాను చేసిన ఫోను దగ్గర మొదలుపెట్టింది. తనను తాను గొప్ప చేసుకోలేదు.

“ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఇదేదీ జరిగేది కాదు. ఏ వస్తువు తెప్పించినా, అది ఎవరి దగ్గర్నుంచి వస్తోందో అడగండి. అది తెలిశాకే రాయండి. ప్లానింగంటే నాకు తెలిసింది అదొక్కటే,” అంది.

పిల్లలు ఆ మాట రాసుకున్నారు. వాళ్లకు ఎక్కిందనుకున్నాను. ముందు వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

“మేడమ్, సినిమా హిట్టయిందా?”

రత్నం ఆ అమ్మాయిని చాలాసేపు చూసింది. కోపం రాలేదు ఆమెకు. నాకు వచ్చింది.

“ఆడింది. నాలుగు వారాలు.”

“ఆ పాట పేరేంటి మేడమ్? చూస్తాం.”

“చూడ్డానికి లేదమ్మా,” అంది రత్నం, నోటుబుక్కు మూసి సంచిలో పెట్టుకుంటూ. “నిడివి ఎక్కువైందని రిలీజుకు ముందే పాట మొత్తం తీసేశారు.”